పదో తరగతి ప్రశ్నపత్రం గోప్యత: హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిబ్రవరి చివరికల్లా హాల్‌టికెట్ల మాట మొదలవుతుంది. దానితోపాటే తల్లిదండ్రులకూ, కొత్తగా ఇన్విజిలేషన్ డ్యూటీ పడిన ఉపాధ్యాయులకూ సందేహాలు మొదలవుతాయి. అలా అడిగినవాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. ఎక్కువ భాగం పదో తరగతి పబ్లిక్ పరీక్షల గురించే. బడుల్లో జరిగే ఎస్ఏ (సమ్మెటివ్ అసెస్‌మెంట్) పరీక్షలు, చదువు ఎలా ఉందో కొలిచే జాతీయ సర్వేల గురించి కూడా కొన్ని ఉన్నాయి, ఎందుకంటే అక్కడ గోప్యతను మన బడులు చాలా తేలికగా తీసుకుంటున్నాయి.

ప్రశ్నపత్రం ముందే తెలిస్తే పిల్లలు ఇంకో నాలుగు మార్కులు తెచ్చుకుంటారు. దానివల్ల ఎవరికి నష్టం?

పక్క బడి పిల్లలకు. ఏడాది పొడవునా చదివిన పుస్తకంలోంచి పరీక్షలో అడిగేది కొంచెమే. ఆ కొంచెం ఏదో పిల్లలకు తెలియనప్పుడే, వచ్చిన మార్కు మొత్తం చదువుకు గుర్తు అవుతుంది. ఏది అడుగుతారో తెలిసిపోతే ఆ మార్కు జ్ఞాపకశక్తికి గుర్తు, అదీ ఒక రాత్రి జ్ఞాపకశక్తికి.

పదో తరగతి మార్కులతో పని లేదనే మాట కూడా నిజం కాదు. బాసర ట్రిపుల్‌ఐటీ (ఆర్జీయూకేటీ)లో సీట్లు ఇచ్చేది వాటిని చూసే. నగరంలోని ప్రైవేటు జూనియర్ కళాశాలలు ఫీజులో ఎంత తగ్గించాలో లెక్కవేసేదీ వాటితోనే. ఒక కేంద్రంలో ముందే తెలిసిన నాలుగు మార్కులు ఎక్కడో ఒక ప్రభుత్వ పాఠశాల అమ్మాయి సీటును వెనక్కి నెడతాయి. ఆమెకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

ప్రశ్నపత్రం ఎక్కడ పుట్టి, ఎక్కడెక్కడ తిరిగి మా అమ్మాయి బల్ల మీదికి వస్తుంది?

పదో తరగతి పరీక్షలు నిర్వహించేది ప్రభుత్వ పరీక్షల విభాగం. దాని కార్యాలయం మన నాంపల్లిలోనే ఉంది. ప్రశ్నలు రాసేవారు ఒకరు, వాటిని సరిచూసేవారు వేరొకరు. ఒకటికి మించి సెట్లు తయారవుతాయి కాబట్టి, రాసినవారికి కూడా తమ ప్రశ్నలు పరీక్షకు వస్తాయో రావో తెలియదు. ముద్రణ రహస్యంగా జరుగుతుంది. ఏ ముద్రణాలయమో బయటికి చెప్పరు.

ముద్రించిన పత్రాలు సీలువేసిన ప్యాకెట్లలో జిల్లాలకు వచ్చి, పరీక్షా కేంద్రానికి దగ్గరి పోలీస్ స్టేషన్‌లో పెట్టెల్లో ఉంటాయి. పరీక్షలకు కొన్ని రోజుల ముందు కేంద్రం బాధ్యత చూసే చీఫ్ సూపరింటెండెంట్, ఆయనతో ఉండే డిపార్ట్‌మెంటల్ ఆఫీసర్ అక్కడికి వెళ్లి తమ కేంద్రానికి రావలసిన ప్యాకెట్లు వచ్చాయో లేదో చూసుకుంటారు. చూసేది పైన ఉన్న చీటీని మాత్రమే: సబ్జెక్టు, మాధ్యమం, తేదీ, సంఖ్య. సీలు జోలికి వెళ్లరు.

పరీక్ష రోజు ఉదయం ఆ రోజు పేపర్ ప్యాకెట్లను మాత్రమే తీసుకుని కేంద్రానికి తెస్తారు. పరీక్ష 9:30కి. కొద్దిముందు సీసీ కెమెరా ఉన్న గదిలో, సాక్షుల ముందు సీలు తీసి, గదులవారీగా లెక్కపెట్టి ఇన్విజిలేటర్లకు ఇస్తారు. తెరిచిన సమయం, ప్యాకెట్ సీలు స్థితి, సాక్షుల సంతకాలు అన్నీ కాగితం మీదికి ఎక్కాలి. కొత్తవారికి ఈ సంతకాలు ప్రాణం తీసే లాంఛనంలా కనిపిస్తాయి. ఏదైనా తేడా వచ్చిన రోజున నిర్దోషిని కాపాడేది ఆ కాగితం ఒక్కటే.

మరి ఇన్ని తాళాలు, పోలీసులు ఉండగా పేపర్లు ఎలా బయటికి వస్తాయి?

తాళం పగలగొట్టి కాదు. చాలాసార్లు, తాళం చెవి చేతిలో ఉండవలసిన మనిషి చేతుల మీదుగానే. రికార్డులో ఉన్న నాలుగు ఉదంతాలు చూడండి.

2016 జులై 9న జరిగిన తెలంగాణ ఎంసెట్-2 వైద్య విద్య ప్రవేశ పరీక్ష. పేపర్ ఢిల్లీలోని ముద్రణాలయం నుంచే బయటికి వెళ్లిందని సీఐడీ దర్యాప్తులో తేలింది. కొందరు అభ్యర్థులను వేరే ఊళ్లకు తీసుకువెళ్లి, అక్కడ ఉంచి ప్రశ్నలు బట్టీ పట్టించారు. పరీక్ష రద్దయింది. నిజాయతీగా రాసిన వేలమంది పిల్లలు సెప్టెంబర్ 11న ఎంసెట్-3 రాయవలసి వచ్చింది.

2018లో సీబీఎస్‌ఈ 12వ తరగతి ఆర్థికశాస్త్రం పేపర్. పోలీసుల కథనం ప్రకారం హిమాచల్‌ప్రదేశ్‌లోని ఉనాలో బ్యాంకు స్ట్రాంగ్‌రూమ్ నుంచి వేరే సబ్జెక్టు పేపర్ తీసుకోవడానికి వెళ్లిన వ్యక్తే, ఆర్థికశాస్త్రం ప్యాకెట్ కూడా పట్టుకొచ్చాడు. చేతిరాత గుర్తుపట్టకుండా ప్రశ్నలను మరొకరి చేత రాయించి, ఆ కాగితాల ఫొటోలు పంపారు. ఏప్రిల్ 25న దేశమంతటా ఆ పేపర్ మళ్లీ పెట్టారు. గమనించండి, అతడికి ఆ గదిలోకి వెళ్లే అధికారం ఉంది. లేనిదల్లా పక్క ప్యాకెట్‌ను ముట్టుకునే అధికారం. ఆ సమయంలో పక్కన నిలబడి ఏ ప్యాకెట్ బయటికి వెళ్తోందో చదివేవారు ఒకరు ఉంటే సరిపోయేది.

2024 మే 5న జరిగిన నీట్. ఝార్ఖండ్‌లోని హజారీబాగ్‌లో, పరీక్ష ఉదయం, పేపర్లున్న పెట్టెను పనిముట్లతో తెరిచి ఫొటోలు తీశారని సీబీఐ చెప్పింది.

ఇక మన రాష్ట్రంలో 2023 ఏప్రిల్ 3న, వికారాబాద్ జిల్లా తాండూరు. పదో తరగతి తెలుగు పేపర్ మొదలైన కొద్ది నిమిషాలకే వాట్సాప్‌లోకి వచ్చింది. ఫొటో తీసింది డ్యూటీలో ఉన్న ఉపాధ్యాయుడే.

ముద్రణాలయం, బ్యాంకు, పరీక్షా కేంద్రం కార్యాలయం, పరీక్ష గది: నాలుగూ నాలుగు చోట్లు. నాలుగింట్లోనూ ఒక మనిషి కొంతసేపు పేపర్‌తో ఒంటరిగా, ఎవరూ చూడకుండా ఉండగలిగాడు. నా మట్టుకు గోప్యత అంటే ఆ ఒంటరి నిమిషాలు లేకుండా చేయడమే. ఇంకో తాళం కొనడం కన్నా ఇంకో కంటిని అక్కడ ఉంచడం మేలు.

పరీక్ష మొదలయ్యాక ఫొటో బయటికి వస్తే అది లీకేనా? పరీక్ష రద్దవుతుందా?

వార్తల్లో రెండింటినీ లీకు అనే అంటారు కానీ తేడా పెద్దది. పరీక్షకు ముందు బయటికి వస్తే, ఎవరెవరు చూశారో చెప్పలేం కాబట్టి పరీక్ష మీదే నమ్మకం పోతుంది. మొదలయ్యాక బయటికి వస్తే, లోపల ఉన్న పిల్లలకు అది ఉపయోగపడాలంటే జవాబు తిరిగి గదిలోకి రావాలి. చిట్టీగానో, కిటికీ గుండానో, నీళ్లు అందించే మనిషి చేతనో. అది కాపీయింగ్. ఒక కేంద్రం వరకు దర్యాప్తు చేసి ఆపగలిగినది. 2023లో తాండూరు తర్వాతి రోజే హనుమకొండ జిల్లా కమలాపూర్ నుంచి హిందీ పేపర్ ఫొటో బయటికి వచ్చింది. అయినా రెండు పేపర్లూ రద్దు కాలేదు, మిగతా పరీక్షలు ఆగలేదు.

ఫోన్‌లో ఫొటో కనిపించగానే పిల్లలకు 'పరీక్ష క్యాన్సిల్ అంట' అని చెప్పకండి. మర్నాటి పేపర్ చదవవలసిన సాయంత్రం అలా వృథా అవుతుంది.

టెలిగ్రామ్‌లో ఒకరు ముందు రాత్రే పేపర్ పెట్టినట్టు తేదీ, సమయం కనిపిస్తున్నాయి. అది నిజమైన పేపరే కదా?

సాధారణంగా కాదు. టెలిగ్రామ్ ఛానల్‌లో పాత సందేశాన్ని తర్వాత సవరించవచ్చు. జతచేసిన ఫొటోను కూడా మార్చవచ్చు. సందేశం మీద మాత్రం మొదట పెట్టిన సమయమే ఉంటుంది. కాబట్టి ముందు రాత్రి ఏదో ఒక కాగితం ఫొటో పెట్టి, పరీక్ష అయిపోయాక దాని స్థానంలో అసలు పేపర్ పెడితే, చూసేవారికి అది రాత్రే వచ్చినట్టు కనిపిస్తుంది. సవరించినట్టు తెలిపే చిన్న గుర్తును ఎవరూ చూడరు. స్క్రీన్‌షాట్‌లో దాన్ని చెరిపేయడం ఇంకా తేలిక. 2024 నీట్ వివాదంలో, ఆ పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏ సుప్రీంకోర్టుకు ఇలాంటి వివరణే ఇచ్చింది.

ఆ మోసం అంతా వచ్చే పేపర్ అమ్ముకోవడానికి. 'నిన్నటి పేపర్ మా దగ్గర ఉంది చూశారా, రేపటిది కావాలంటే డబ్బు పంపండి' అంటారు. పంపాక ఛానలే మాయమవుతుంది. పోగొట్టుకున్నవారు పరువు పోతుందని ఫిర్యాదు చేయరు, మోసగాడి ధైర్యమూ అదే. డబ్బు పోతే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

మా ట్యూషన్ మాస్టారు ఇచ్చిన ముఖ్యమైన ప్రశ్నల్లో చాలా వరకు వచ్చాయి. ఆయనకు ముందే తెలుసా?

అంత దూరం వెళ్లనక్కరలేదు. ఏ పాఠానికి ఎన్ని మార్కులో, ఏ రకం ప్రశ్నలు ఎన్నో చూపే పట్టిక బహిరంగంగానే ఉంటుంది. పాత పేపర్లు అందరి దగ్గరా ఉంటాయి. గణితంలో త్రికోణమితి మీద ఒక పెద్ద ప్రశ్న వస్తుందని చెప్పడానికి జోస్యం అక్కరలేదు. పైగా వంద ప్రశ్నలు 'ముఖ్యమైనవి' అని ఇస్తే, వాటిలో చాలా భాగం రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

అనుమానించవలసిన సంగతి వేరే ఉంది: అవే అంకెలు, అదే వరుస, అవే అచ్చు తప్పులు. అంకెలతో సహా లెక్క దిగిందంటే అది అనుభవం కాదు.

పరీక్షా కేంద్రంలోకి ఎవరెవరు ఫోన్ తీసుకువెళ్లవచ్చు?

పిల్లలు, ఇన్విజిలేటర్లు, స్క్వాడ్ సభ్యులు, బందోబస్తు పోలీసులు, ఏఎన్ఎం, అటెండర్, తాగునీరు పట్టే మనిషి: ఎవరూ తీసుకువెళ్లకూడదు. కేంద్రం మొత్తం ఫోన్ లేని ప్రాంతం. తాండూరు తర్వాత దీన్ని గట్టిగా పట్టించుకుంటున్నారు. స్మార్ట్ వాచీకి కూడా ఇదే నియమం. అసలు గడియారం మీద అనుమానం కన్నా గోడ మీద ఒక మంచి గడియారం పెట్టడం తేలిక అని చాలా కేంద్రాలు ఇంకా గుర్తించలేదు.

ఒక్క మాట. తన ఫోన్‌ను బయట పెట్టి వచ్చిన ఇన్విజిలేటర్‌కు, లోపల వేరొకరి జేబులో వెలుగుతున్న ఫోన్ కనిపిస్తే నియమం మీద గౌరవం పోతుంది. పెద్ద హోదాలో తనిఖీకి వచ్చేవారు ముందుగా తమ ఫోన్ గేటు దగ్గర ఇస్తే, ఎవరికీ ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు.

మా బాబుకు కిటికీ పక్కన సీటు వచ్చింది. బయటినుంచి ఎవరైనా పేపర్ చూపించమని బెదిరిస్తే?

వెంటనే లేచి నిలబడి ఇన్విజిలేటర్‌ను గట్టిగా పిలవాలి. నిలబడటం ముఖ్యం, గది మొత్తం చూస్తుంది కాబట్టి తర్వాత సాక్ష్యం ఉంటుంది. భయపడి చూపించినా సరే, ఆ తర్వాత ఒక్క నిమిషం దాచకుండా చెప్పాలి. ఈ మాట ఇంట్లో ముందే చెప్పి పంపండి.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. కమలాపూర్‌లో బయటినుంచి ఎక్కి వచ్చిన కుర్రాడు కిటికీ పక్క విద్యార్థి పేపర్‌ను ఫొటో తీశాడు. ఆ విద్యార్థిని డిబార్ చేశారు. చివరికి హైకోర్టు అతడిని మిగతా పరీక్షలు రాయనివ్వమంది. 2025 మార్చిలో నల్గొండ జిల్లా నకిరేకల్‌లోనూ కిటికీ గుండానే తెలుగు పేపర్ ఫొటో తీశారు, అక్కడా డిబార్ అయింది ఒక విద్యార్థినే. పదిహేనేళ్ల పిల్లలు మూడు గంటల పరీక్ష మధ్యలో బెదిరింపును ఎదుర్కొని నిలబడాలని మనం ఆశిస్తున్నాం. ఆ కిటికీకి ఒక జాలీ బిగించవలసింది, గోడ అవతల ఒక మనిషిని నిలబెట్టవలసింది మాత్రం పెద్దలు. కేంద్రాన్ని ఎంపిక చేసేటప్పుడే రోడ్డువైపు కిటికీలు, పక్క ఇంటి డాబా, ఎక్కడానికి వీలైన చెట్టు చూసుకోవాలి. మన నగరంలో అపార్టుమెంటు గోడకు ఆనుకుని నడిచే బడులు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్నింటిని కేంద్రాలుగా ఇవ్వకుండా ఉండటమే మంచిది.

ప్రశ్నపత్రం మీద ఏమీ రాయకూడదంటారు. మరి హాల్‌టికెట్ నంబర్ ప్రతి పేజీ మీద ఎందుకు రాయమంటున్నారు?

ఫొటో బయటికి వస్తే అది ఎవరి పేపరో తెలియడానికి. 2025 నుంచి పత్రాల మీద క్యూఆర్ కోడ్, వరుస సంఖ్య కూడా వచ్చాయి. పేపర్ ఇచ్చిన మొదటి నిమిషంలోనే నంబర్ వేయించాలి. ఆ ఆనవాలు పిల్లల్ని పట్టుకోవడానికి మాత్రమే కాదు, ఏ గది, ఏ ఇన్విజిలేటర్ అన్నది కూడా దాంతోనే తేలుతుంది.

మొదటిసారి ఇన్విజిలేషన్ పడింది. ఏం చేయకూడదు?

మీ సబ్జెక్టు పరీక్ష రోజు మీకు డ్యూటీ వేయరు. పొరపాటున వేస్తే మీరే చెప్పి మార్పించుకోండి. మీ పిల్లలో, దగ్గరి బంధువుల పిల్లలో అదే కేంద్రంలో రాస్తుంటే రాతపూర్వకంగా ముందే తెలియజేయండి. తెలిస్తే ఏమనుకుంటారో అని ఊరుకున్నవారు తర్వాత చాలా అనిపించుకున్నారు.

గదిలో మిగిలిన పేపర్లను చదువుతూ కూర్చోకండి. ఉపాధ్యాయుడికి ఇది కష్టమే, అచ్చయిన ప్రశ్న కనిపిస్తే చేయి దానంతట అదే జవాబు వెతుకుతుంది. గైర్హాజరైన పిల్లల పేపర్లను లెక్కపెట్టి, కట్టి, కార్యాలయానికి తిరిగి పంపేయండి. ఒక ప్రశ్నలో తప్పుందని పిల్లలు అంటే మీరు దిద్ది చెప్పకండి. చీఫ్ సూపరింటెండెంట్‌కు తెలపండి, సూచన పైనుంచి రావాలి. ప్రశ్నకు అర్థం చెప్పడం కూడా సాయమే, సాయం అన్నది ఆ గదిలో ఒక్కరికి చేసినా నేరమే.

ఇక చివరి అరగంట జాగ్రత్త. పార్ట్-బి, అంటే మనందరం బిట్ పేపర్ అనేది, రాసే సమయం అదే. ఒక్క అక్షరంతో జవాబు చెప్పేయగల భాగం కాబట్టి గుసగుసలు, వేళ్లు, దగ్గులు అన్నీ అప్పుడే మొదలవుతాయి. అప్పటిదాకా కూర్చున్నా ఫరవాలేదు కానీ ఆ అరగంట నడవండి.

ఒక ప్యాకెట్ బదులు ఇంకో ప్యాకెట్ తెరిస్తే ఏమవుతుంది?

చాలా పెద్ద చిక్కు. అది రేపటి పేపర్ అయితే, తెరిచిన క్షణం నుంచి రేపటి పరీక్ష రహస్యం పోయినట్టే లెక్క. 2025లో మొదటి రోజే మంచిర్యాలలో ఒక కేంద్రంలో తెలుగుకు బదులు హిందీ పేపర్ బయటికి వచ్చి పరీక్ష ఆలస్యమైంది.

హైదరాబాద్‌లో ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ. పాతబస్తీలో ఒకే కేంద్రంలో ఉర్దూ, ఇంగ్లిష్, తెలుగు మాధ్యమాల పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. మొదటి భాషగా ఒకరికి ఉర్దూ, ఒకరికి తెలుగు, ఒకరికి హిందీ. ఒకే ఉదయం పోలీస్ స్టేషన్ నుంచి అరడజను రకాల ప్యాకెట్లు బయటికి రావాలి. అందుకే చీటీని ఒకరు పైకి చదవడం, రెండోవారు టైంటేబుల్ చూసి అవునని చెప్పడం, ఆ తర్వాతే కత్తెర పెట్టడం అలవాటు కావాలి. మనసులో చదువుకుంటే చాలదు, కన్ను తాను చూడాలనుకున్నదే చూస్తుంది.

పొరపాటున తెరిస్తే? తిరిగి అంటించి ఊరుకోవడం అన్నిటికన్నా చెడ్డ పని. ఆ క్షణమే పైవారికి చెబితే రెండో సెట్ వాడే వీలుంటుంది. దాస్తే ఆ వీలు కూడా పోతుంది.

ఎస్ఏ పరీక్షల పేపర్లు ముందు రోజే యూట్యూబ్‌లో దొరుకుతున్నాయి. బడిలో జరిగే పరీక్షే కదా, అంత పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. సమ్మెటివ్ పేపర్లు జిల్లా ఉమ్మడి పరీక్షల బోర్డు నుంచి వస్తాయి, వేలాది పిల్లలు అదే రాస్తారు. ఒక బడి ముందుగా తెరిస్తే, ఇంకొక బడి టైంటేబుల్ మార్చుకుని ముందు రోజే పెడితే, ఎవరో ఒకరు దాన్ని వీడియో చేస్తారు. చూసినవారి సంఖ్యను బట్టి డబ్బు వచ్చే వ్యాపారం అది. 2024 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఎస్ఏ-1 గణితం పేపర్ ఇలాగే యూట్యూబ్‌లోకి వస్తే పరీక్ష వాయిదా వేశారు.

నా దృష్టిలో అసలు నష్టం మార్కులది కాదు. ఆరో తరగతి పిల్ల వీడియో చూసి రాసి, 80కి 76 తెచ్చుకుని, 'అందరూ చూస్తారు టీచర్' అంటుంది. ఆ పిల్లకు పదో తరగతిలో పరీక్ష నీతి నేర్పడానికి మనం ఫ్లయింగ్ స్క్వాడ్‌ను పంపుతాం. ప్రధానోపాధ్యాయులు టైంటేబుల్‌ను కచ్చితంగా పాటించి, ప్యాకెట్‌ను ఆ ఉదయమే తెరిస్తే ఇందులో సగం ఆగిపోతుంది. దానికి ప్రభుత్వ ఉత్తర్వు కూడా అక్కరలేదు.

జాతీయ సర్వేలో మా పాపకు మార్కులే ఇవ్వరు. అయినా ప్రశ్నలు బయటికి చెప్పొద్దన్నారు. ఎందుకు?

మంచి ప్రశ్న, దీనికి జవాబు చాలామంది ఉపాధ్యాయులకూ తెలియదు. 2021 నవంబర్‌లో జరిగిన నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే కానీ, 2024 డిసెంబర్ 4న 3, 6, 9 తరగతులకు జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ కానీ, కొలిచేది పిల్లను కాదు. జిల్లాలో, రాష్ట్రంలో చదువు ఎలా ఉందో కొలుస్తాయి. ఇలాంటి పరీక్షలు కాలక్రమంలో పోల్చి చెప్పాలంటే కొన్ని ప్రశ్నలను మళ్లీ మళ్లీ వాడవలసి వస్తుంది. ఈసారి ఆ ప్రశ్నకు పదిమందిలో నలుగురు, మరోసారి ఆరుగురు సరిగా రాస్తే చదువు మెరుగైందని అర్థం. అదే ప్రశ్న నోట్సులోకి ఎక్కిపోతే, మెరుగైంది చదువా, బట్టీయా అన్నది చెప్పలేం. తూకపు రాయిని అరగదీసి సరుకు పెరిగిందని మురిసిపోయినట్టు ఉంటుంది. అందుకే అంతర్జాతీయంగా జరిగే పీసా పరీక్షలో కూడా కొన్ని ప్రశ్నలను మాత్రమే బయటపెట్టి మిగిలినవి దాచుకుంటారు.

మార్కుల ఒత్తిడి ఉపాధ్యాయుల మీద పడితే ఏమవుతుందో అమెరికాలోని అట్లాంటా చూపించింది. అక్కడ పరీక్ష ఫలితాలను బట్టి బడులకు బహుమానాలు, మందలింపులు ఉండేవి. 2011లో రాష్ట్ర దర్యాప్తు నివేదిక 44 బడుల్లో 178 మంది ఉపాధ్యాయులు, ప్రిన్సిపాళ్ల పాత్ర ఉందని చెప్పింది. పిల్లల జవాబుపత్రాల్లో తప్పు జవాబును చెరిపి ఒప్పు జవాబు దిద్దిన గుర్తులు అసాధారణంగా ఎక్కువ ఉండటంతో అనుమానం మొదలైంది. 2015లో 11 మందిని కోర్టు దోషులుగా తేల్చింది.

మన దగ్గర యంత్రం చదివే ఓఎంఆర్ పత్రం మీద జవాబు గడులను పెన్నుతో నింపుతారు కాబట్టి చెరపడం కష్టం. కానీ ఖాళీగా వదిలిన గడులను నింపడం కష్టం కాదు. సర్వే రోజు పత్రాలు పిల్లల చేతినుంచి నేరుగా కవర్‌లోకి వెళ్లాలి, స్టాఫ్ రూమ్ మీదుగా కాదు.

పరీక్ష అయిపోయాక కూడా అన్నీ రహస్యమేనా?

కాదు. ఈ విషయంలో అధికారులే కాస్త ఎక్కువ బిగుసుకుంటారు. ప్రశ్నపత్రం రహస్యం పరీక్ష గంట కొట్టేదాకానే. ఆ తర్వాత అది బహిరంగ పత్రం. దిద్దిన తన జవాబుపత్రాన్ని చూసుకునే హక్కు రాసినవారికి ఉందని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో సీబీఎస్‌ఈకి సంబంధించిన కేసులో సమాచార హక్కు చట్టం కింద స్పష్టంగా చెప్పింది. దిద్దినవారి పేరు మాత్రం చెప్పనక్కరలేదంది, వారి భద్రత దృష్ట్యా అది న్యాయమే. మన పదో తరగతికైతే ఫలితాల తర్వాత రీకౌంటింగ్‌కూ, జవాబుపత్రం నకలుతో రీవెరిఫికేషన్‌కూ దరఖాస్తు చేసుకోవచ్చు. గడువు చాలా తక్కువ, అనుమానం ఉంటే ఆలస్యం చేయకండి.

'గోప్యం' అన్న ముద్ర వేసి తప్పుల్ని దాచడం, ప్రశ్నల్ని దాచడం ఒకటి కావు.

రాసిన జవాబుపత్రాలు భద్రంగా ఉంటాయా?

జవాబుపత్రానికి బార్‌కోడ్ ఉన్న ఓఎంఆర్ భాగం ఉంటుంది. పిల్లల వివరాలున్న ముక్కను వేరుచేస్తారు కాబట్టి స్పాట్ వాల్యుయేషన్‌లో దిద్దేవారికి అది ఏ బడిదో, ఎవరిదో తెలియదు. ఇక్కడి పత్రాలు వేరే జిల్లాకు వెళ్తాయి. 2025 నుంచి ఒకే 24 పేజీల బుక్‌లెట్ ఇస్తున్నారు కాబట్టి అదనపు కాగితాలు ఊడిపోతాయన్న భయం తగ్గింది.

బలహీనమైన చోటు రవాణా. 2023లో ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో తపాలా ద్వారా వెళ్లవలసిన జవాబుపత్రాల కట్ట ఒకటి ఆటోలో తరలిస్తుండగా మాయమైంది. ప్రశ్నపత్రం వెంట పోలీసు ఉంటాడు. జవాబుపత్రం వెంట కూడా అదే శ్రద్ధ ఉండాలి, ఎందుకంటే ప్రశ్నపత్రం పోతే ఇంకో సెట్ ఉంది, పిల్ల రాసిన మూడు గంటలకు ఇంకో సెట్ లేదు.

పేపర్ బయటపెడితే శిక్ష ఏమిటి? 2024లో కేంద్రం తెచ్చిన కొత్త చట్టం వర్తిస్తుందా?

పదో తరగతికి వర్తించేది పాత రాష్ట్ర చట్టమే. పరీక్షా కేంద్రాల్లో అందరూ 'యాక్ట్ 25/97' అంటారు, 1997 నాటిది, ఉమ్మడి రాష్ట్రం నుంచి వచ్చింది. మూడు నుంచి ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. 2024 జూన్ 21న అమలులోకి వచ్చిన కేంద్ర చట్టం యూపీఎస్‌సీ, రైల్వే, బ్యాంకు నియామకాలు, ఎన్‌టీఏ నిర్వహించే పరీక్షల వంటివాటికి. నీట్, జేఈఈ దాని కిందికి వస్తాయి. అందులో వ్యవస్థీకృతంగా చేసినవారికి పదేళ్ల వరకు జైలు, కనీసం కోటి రూపాయల జరిమానా ఉన్నాయి.

పేపర్‌ను కంప్యూటర్‌లో పంపి కేంద్రంలోనే ముద్రించుకుంటే ఈ గొడవ ఉండదు కదా?

కొంత నిజం. పోలీస్ స్టేషన్, రవాణా, ముందు రాత్రి అన్నీ పోతాయి. సీబీఎస్‌ఈ 2018 తర్వాత ఈ దారి ప్రయత్నించింది. కానీ ఉదయం అరగంటలో నాలుగు వందల మంది పిల్లలకు నాలుగు మాధ్యమాల్లో పేపర్లు ముద్రించాలంటే రెండు మంచి ప్రింటర్లు, కరెంటు, జనరేటర్, పాస్‌వర్డ్ తెలిసిన ఒక మనిషి కావాలి. అన్నిటికీ మించి ఆ గదిలో ఆ మనిషి ఒంటరిగా ఉండకూడదు. మళ్లీ అక్కడికే వచ్చాం.

అమెరికా కళాశాలల్లో ప్రవేశానికి రాసే ఎస్ఏటీ వేరే దారి పట్టింది. మన నగరం నుంచి రాసేవారికి 2023 నుంచే అది డిజిటల్. ఒక్కో విద్యార్థికి ఒక్కో ప్రశ్నల కలయిక వస్తుంది కాబట్టి ఒక పేపర్ ఫొటో ఇంకొకరికి పెద్దగా పనికిరాదు. దానికి వేల ప్రశ్నల నిధి, ప్రతి పిల్లకూ ఒక యంత్రం కావాలి. పదో తరగతికి అది ఇప్పట్లో జరిగే పని కాదు.

మా అమ్మాయి స్నేహితురాలు రేపటి పేపర్ అంటూ ఏదో పంపింది. ఏం చేయాలి?

ఎవరికీ పంపకండి. 'ఇది నిజమేనా' అని అడగడానికి క్లాసు గ్రూపులో పెట్టడం కూడా పంచడమే. పోలీసులు గొలుసును వెనక్కి లాగేటప్పుడు మీ పేరూ అందులో ఒక ముడిగా ఉంటుంది. చెరిపేయకండి కూడా, ఎప్పుడు వచ్చిందన్న ఆధారం అదే. పాఠశాల ప్రధానోపాధ్యాయుడికో, జిల్లా విద్యాశాఖ కంట్రోల్ రూమ్‌కో, 112కో చెప్పండి. స్నేహితురాలి మీద కోపం వద్దు. ఆ పిల్లకు కూడా ఎవరో పెద్దవారే పంపి ఉంటారు.

పరీక్ష అయ్యాక పేపర్ ఇంటికి తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోవచ్చు. పార్ట్-బి మాత్రం జవాబుపత్రంతో కలిపి ఇచ్చేయాలి. ముందే రాయడం అయిపోయినా, సమయం పూర్తయ్యేదాకా పేపర్‌తో బయటికి పంపరు. కాబట్టి గేటు దగ్గర నిలబడి పన్నెండింటికే ఫోన్ చేయడం మొదలుపెట్టకండి, ఎలాగూ ఫోన్ ఇంట్లోనే ఉంది.